ఊతకర్రలు తీసిన రోజు

లక్కోజు సోమలింగం గురువును ఆ ప్రశ్న అడిగింది మగ్గాల శాల గుమ్మంలో, ఊతకర్రలు తీయవలసిన పొద్దున.

"గురువుగారూ, ఈ భయం ఎప్పుడు పోతుందండీ?"

రెండు రోజులుగా అతనికి అన్నం సయించలేదు. వానాకాలంలో పడుగు నూళ్ళు తడవకుండా బారుగా సాగదీసుకోవడానికి, నడుమ ఒక్క స్తంభం కూడా లేని శాల కావాలని నేతవాళ్ళు అడిగారు. ఇరవై మూరల వెడల్పున ఇటుకలతో కమాను కప్పు వేశాడు సోమలింగం. కొలతలు అతనివే, చూసి సరేనన్నది గురువు వీరయాచారి. ఇన్నాళ్ళూ ఆ కప్పును మోసినవి కింది కర్రలు. ఇక గోడలు మొయ్యాలి. దాని కింద నలభై మంది కూర్చుని నేస్తారు.

గురువు కూలీలందరినీ బయటికి పంపి, సుత్తి శిష్యుడి చేతికిచ్చి, తానూ వెంట లోపలికి వచ్చి నిలబడ్డాడు.

ఒక్కొక్క కర్రా తట్టి పడగొడుతూ పోయాడు సోమలింగం. సున్నం పొడి రాలిన ప్రతిసారీ ఆగి చెవి ఒగ్గేవాడు. ఏడో కర్ర పడ్డాక ఎక్కడో చిటుక్కుమంది.

"కొత్త కప్పు సర్దుకుంటోందిలే. కానివ్వు," అన్నాడు గురువు.

సోమలింగం సుత్తి కింద పెట్టాడు. పైకి చూసే ధైర్యం చాలక గోడను తడుముకుంటూ నడిచాడు. ఉత్తరపు మూల దాటాక ఇటుకల మధ్య వెంట్రుకంత సందు వేలికి తగిలింది. కర్రలు తీయకముందు అది లేదు. గోడ బయటికి ఒరుగుతోంది.

"కర్రలు మళ్ళీ పెట్టండి!" అని అరిచాడు.

బయట పడుగులతో కాచుకుని ఉన్న నేతవాళ్ళ పెద్ద అంకమ్మ మండిపడింది. "వానలు నెత్తిమీదికొచ్చాక ఇప్పుడా నాయనా ఈ మాట?"

"తప్పు నాదేనమ్మా. గోడ మందం చాలలేదు. బయట దన్నుగోడ కట్టేదాకా ఎవరూ లోపల అడుగు పెట్టొద్దు."

ఆ ఏడాది పడుగులు తడిశాయి. సోమలింగం వీధిలో వెళ్తుంటే వెనకనుంచి పిరికిపంద అన్నారు. దన్నుగోడ లేచాక కర్రలన్నీ తీశారు, కప్పు నిలిచింది. ఈ కొసనుంచి ఆ కొసకు నూలు సాగింది. అంకమ్మ కూడా నవ్వింది. సోమలింగం కళ్ళు మాత్రం గోడను వదల్లేదు.

"నాకింకా భయం పోలేదండీ," అన్నాడు గురువుతో, సిగ్గుపడుతూ.

వీరయాచారి వెళ్ళి ఉత్తరపు మూల గోడను వేళ్ళతో తడిమాడు.

"నాకు పోయి పదేళ్ళయింది," అన్నాడు చివరికి. "ఆ సందు నాకు కనబడలేదు."