బతికించినవాడి భుజం

ఆ ఏడు జోగినాయుడికి గెలుపు మొహం చూడ్డమే గగనమైపోయింది.

ఒకప్పుడు అతను కూతకి దిగుతున్నాడంటే చుట్టుపక్కల ఊళ్ళ జనం సైకిళ్ళేసుకుని వచ్చేవాళ్ళు. ఇప్పుడు సాగర్ షార్క్స్ అనే కబడ్డీ జట్టుకి కోచ్. జీతాలు తీసుకుని ఆడే జట్టు, టీవీలో వచ్చే లీగు. సీజన్ మొదలవకముందే యజమాని పేరున్న ఆటగాళ్ళందర్నీ వేరే జట్లకి వదిలేసి, ఊరూ పేరూ లేని కుర్రాళ్ళని తెచ్చి అతనికి అప్పగించాడు.

"జట్టుని పునాదుల నుంచి కడదాం నాయుడుగారూ. ఫలితం తర్వాత చూసుకుందాం" అన్నాడు.

కట్టడం మాట దేవుడెరుగు, మ్యాచ్‌కో గోడ కూలుతూ వచ్చింది. పేపరువాళ్ళు ఊరుకుంటారా? "షార్కులు కాదు, నెత్తళ్ళు" అని పెద్దక్షరాలతో వేశారు. చేపల బజార్లో కుప్పలుగా పోసి అమ్మే నెత్తళ్ళతో పోల్చేసరికి జోగినాయుడికి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి టీ కొట్టుకి వెళ్ళడం కూడా మానేశాడు.

ఇక ఒక్క మ్యాచే మిగిలిందనగా జట్టు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. వచ్చే ఏటికి ఒక కుర్రాణ్ణి తీసేసి, ఆ చోట పేరున్నవాణ్ణి తెస్తారట. ఎవర్ని తీసేయాలో కోచే చెప్పాలి.

ఇందులో ఆలోచించడానికేముంది? సోములు. సాలూరు అవతల కొండ ఊరి కుర్రాడు. కూతకి వెళ్తాడు, ఎవడో ఒకణ్ణి తాకుతాడు, వచ్చిన దారినే వచ్చేస్తాడు. ఒక్క పాయింటు. ముగ్గుర్ని ఒక్కసారిగా ఈడ్చుకొచ్చి చప్పట్లు కొట్టించుకున్న పాపాన పోలేదు. మిగతావాళ్ళకి కనీసం టీవీలో కనబడాలన్న యావైనా ఉంది. వీడికి అదీ లేదు.

తీరా పేరు చెప్పబోయి ఆగాడు. "రేపు చెప్తాను" అని ఫోను పెట్టేసి, గురువుగారి ఊరికి బస్సెక్కాడు. చేయబోయే పని మీద తనకే అనుమానంగా ఉన్నప్పుడు గురువు నోట సరే అనిపించుకోవాలని చూడటం శిష్యులకి పాత అలవాటే.

గురువు పెంటయ్య మాస్టారు. జనపనార మిల్లు వెనకాల మట్టి కోర్టే ఆయన బడి. ఎనభై దాటినా, సాయంత్రం మిల్లు సైరన్ కూసేసరికి ఆయన అక్కడ నులకమంచం మీద హాజరు. షిఫ్టు దిగిన మనుషులు చొక్కాలు విప్పి గోడ మేకులకి తగిలించి ఆటలోకి దిగుతారు. జోగినాయుడు మొదట కూత పెట్టింది కూడా ఆ మట్టిలోనే.

"వచ్చీసినావా జోగీ? ఏటి, ఇలాగ చిక్కిపోనావు? ముందు టీ తాగు" అన్నారు మాస్టారు.

జోగినాయుడు టీ చల్లారిపోయేదాకా తన గోడు వెళ్ళబోసుకున్నాడు. చివరికి అసలు మాటకొచ్చాడు.

"కుర్రాళ్ళు మంచోళ్ళే మాస్టారూ. కానీ మంచితనానికి పాయింట్లివ్వరు కదా? ఆ సోములు మరీనూ. ఉన్నా లేనట్టే. వాణ్ణి తీసేస్తే తప్పంటారా?"

మాస్టారు కోర్టు వైపు తిరిగి గొంతెత్తారు.

"ఒరే, ఆ పక్క ఒకడు తక్కువున్నాడు గదా? మా జోగి ఆడతాడు."

"నేనా? మాస్టారూ, మోకాళ్ళు..."

"మోకాళ్ళని ఇక్కడ కూకోబెట్టీసి నువ్వెల్లు."

అందరూ నవ్వారు. గురువు మాట, ఏం చేస్తాడు? ప్యాంటు మడిచి దిగాడు. దిగాక పాత పొగరు కొంచెం లేచింది. మిల్లు మనుషులే కదా, ముగ్గుర్ని ఊడ్చుకొద్దామని కూత పెట్టి లోపలికి దూకాడు. మొదటి మలుపులోనే చీలమండ ఎవడి గుప్పిట్లోనో చిక్కింది. నలుగురు వచ్చి మీద పడ్డారు. కూత కాస్తా మట్టిలో కలిసిపోయింది.

"చచ్చేడు!" అని అరిచారు.

టీవీలో అవుట్ అంటారు గానీ ఆ కోర్టులో చావే. దొరికినవాడు గీత బయట కూర్చోవాలి. తన పక్షంవాడు వెళ్ళి అవతలి మనిషిని తాకి వస్తే, చచ్చినవాళ్ళలో ముందున్నవాడు బతికి లోపలికొస్తాడు. ఎంత మొనగాడైనా తనంతట తాను బతకలేడు. ఎవరో ఒకరు బతికించాలి.

జోగినాయుడు గీత బయట చతికిలబడ్డాడు. పళ్ళ మధ్య మట్టి కరకరలాడింది. ఇలా నేల మీద కూర్చుని ఎన్నేళ్ళయిందో. చూస్తుండగానే తన పక్షంవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పక్కన చేరారు. లోపల మిగిలింది గౌరీసు ఒక్కడే. మిల్లు క్యాంటీన్లో గారెలు వేసే మనిషి. పొట్ట ముందొస్తే మనిషి వెనకొస్తాడు.

గౌరీసు కూతకి బయల్దేరాడు. అవతల ఆరుగురు చేతులు చాపి నిలబడ్డారు. జోగినాయుడికి తెలియకుండానే వీపు నిటారైంది, పిడికిళ్ళు బిగిశాయి.

"తాకరా నాయనా! ఒక్కణ్ణి తాకు, చాలు" అంటున్నాడు. పైకే అంటున్నాడు.

గౌరీసు చెయ్యి ఒకడి మోచేతికి తగిలింది. అంతే, వెనక్కి తిరిగి జనపనార మూటలా గీత మీద దబ్బున పడ్డాడు. ఒక్క పాయింటు. జోగినాయుడు బతికాడు.

ఎగిరి గంతేసి తన చోటికి పరిగెత్తాడు. ఆట మాత్రం సాగలేదు. అవతలివాళ్ళూ ఇవతలివాళ్ళూ అతన్నే చూస్తూ నిలబడిపోయారు.

"భుజం సార్" అన్నాడొకడు.

"ఏ భుజం?"

"బతికించినోడి భుజం మీద చెయ్యేసి అప్పుడు ఆటలోకి రావాల. ఈ కోర్టు పద్ధతి."

ముప్పై సెకన్లలో కూత ముగించాల్సిన ఈ రోజుల్లో ఈ మర్యాదలేమిటి అనుకుంటూనే జోగినాయుడు వెళ్ళి చెయ్యేశాడు. చెమటా, గారెల నూనె వాసనా. గౌరీసు ఆయాసపడుతూనే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

ఆట అయ్యాక మంచం పక్కన నేల మీదే కూర్చున్నాడు జోగినాయుడు.

"మేం ఆడే రోజుల్లో ఈ భుజం పద్ధతి లేదు కదా మాస్టారూ? ఎప్పుడు పెట్టారు?"

"నువ్వు కప్పు తెచ్చిన మర్నాడు."

ఆ కప్పు సంగతి తెలియనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఆఖరి కూతలో జోగినాయుడు ముగ్గుర్ని గీత దాకా ఈడ్చుకొచ్చాడు. ఊరేగింపులో జనం భుజాల మీద మోశారు. రైల్వేలో ఉద్యోగమూ, ఆ తర్వాత వచ్చిన పేరూ, ఈ కోచ్ కుర్చీ, అన్నీ ఆ కూత పెట్టిన భిక్షే.

"ఆ కూతకి ముందు నువ్వు చచ్చి గీత బయట కూకున్నావు. గేపకం ఉందా?"

"ఉంది మాస్టారూ."

"మరి లేచేవు. ఎవుడు లేపేడు?"

జోగినాయుడు కళ్ళు మూసుకున్నాడు. తాను ఈడ్చుకొచ్చిన ముగ్గురి మొహాలూ కనబడ్డాయి. అందులో ఒకడి బనీను చిరిగి ఉండటం కూడా కనబడింది. తన వైపుకి తిరిగి చూస్తే ఒక్క మొహమూ ఆనలేదు. చాలాసేపు వెతికాడు.

"ఎవరు మాస్టారూ?" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

పెంటయ్య మాస్టారు ఖాళీ గ్లాసు మంచం కింద పెట్టారు.

"నాకూ తెల్దురా. ఆవేళ నానూ నిన్నే సూత్తన్నాను."

జోగినాయుడు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి, బస్టాండుకి నడిచి, అక్కణ్ణుంచే ఆఫీసుకి ఫోను చేశాడు.

"తీసేయడానికి నా దగ్గర ఎవరూ లేరండి."

"ఒక పేరు ఇవ్వాల్సిందే నాయుడుగారూ. లేకపోతే మీ పేరే రాసుకోవాల్సొస్తుంది."

"అలాగే రాసుకోండి" అన్నాడు. అన్నాక గుండె తేలికపడింది.

ఆఖరి మ్యాచ్ కూడా ఓడిపోయారు. అబద్ధం చెప్పి ఏం లాభం? కాకపోతే రెండో సగంలో ఒక సంగతి జరిగింది. జట్టులో కాస్త పేరొస్తున్న కుర్రాడు హర్షవర్ధన్ అవుటై కూర్చున్నాడు. సోములు ఎప్పటిలాగే వెళ్ళాడు, ఒకణ్ణి తాకాడు, వచ్చేశాడు. హర్ష దూకబోతుంటే గీత పక్కనుంచి జోగినాయుడు అరిచాడు.

"ముందు వాడి భుజం తాకి రా!"

కుర్రాళ్ళు వింతగా చూశారు. హర్ష సిగ్గుపడుతూ తాకాడు. రెండోసారికి అందరికీ నవ్వొచ్చింది. నాలుగోసారికి చెప్పాల్సిన పనే లేకపోయింది. సోములు కూడా ఒకసారి అవుటై, తనని బతికించిన కుర్రాడి దగ్గరికి పరిగెత్తుకెళ్ళి రెండు చేతులూ రెండు భుజాల మీదా వేశాడు. వెనకబడి ఉన్నా అందరి మొహాలూ వెలుగుతున్నాయి. జోగినాయుడికి కళ్ళు చెమర్చాయి. ఈ పిల్లలు దక్కడం తన అదృష్టమని సీజనంతటిలో మొదటిసారి అనిపించింది.

మ్యాచ్ ముగిసి, కుర్రాళ్ళు సంచులు సర్దుకుంటుంటే సోములు దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యేశాడు.

సోములు కంగారుపడి లేచి నిలబడ్డాడు.

"అదేటి సార్, మీరు అవుటవ్వలేదు కదా?"

"అయ్యాన్రా" అన్నాడు జోగినాయుడు. చెయ్యి మాత్రం తీయలేదు.