రాకుమారి పెట్టిన వడియాలు

అనగనగా ఎండలు మెండుగా, కాకులు అంతకంటే మెండుగా ఉన్న ఒక రాజ్యం.

ఆ రాజ్యంలో ఒక కట్టుబాటు ఉండేది. లెక్క రానివారికి ధాన్యపు కొట్ల తాళాలు ఇవ్వరు, సింహాసనమూ ఇవ్వరు. పట్టానికి వచ్చేవారు నిండు సభలో గురువుగారు అడిగిన ఎక్కం చెప్పాలి. మూడుసార్లు తప్పితే ఇక అంతే, రాజ్యం దాయాదుల పాలు.

రాకుమారి కుముదినికి ఎక్కాలన్నీ నోటికి వచ్చు. కాకపోతే పాటలా మొదటి నుంచి పాడుకుంటూ వస్తేనే వచ్చు. మొదటిసారి సభలో ఎవరో తుమ్మారు, పాట తెగింది. రెండోసారి బయట ఏనుగు ఘీంకరించింది, మళ్ళీ తెగింది. ఇక మిగిలింది ఒక్కసారి. ఆ తలపుకే పాపం రాకుమారికి ముద్ద దిగడం లేదు.

సభకు ముందురోజు ఆమె మేడ మీద కూర్చుని ఏడుస్తోంది. పక్కనే వంటల పాపాయమ్మ తడిగుడ్డ పరిచి వడియాలు పెడుతోంది.

"మీ ఏడుపు అయ్యేలోగా పిండి పులుస్తుంది తల్లీ, ఓ చెయ్యి వేయండి" అంది పాపాయమ్మ.

కుముదిని కళ్ళు తుడుచుకుని, వరుసకు ఏడు చొప్పున ఎనిమిది వరుసలు పెట్టింది. అంతలో కాకి వాలింది. పాపాయమ్మ గబగబా చివరి మూడు వరుసల మీద చాట బోర్లించింది. పైకి ఐదు వరుసలే కనిపిస్తున్నాయి.

ఐదు వరుసలు ముప్పై ఐదు. చాట కింద ఇరవై ఒకటి. కలిపితే యాభై ఆరు. పాట లేకుండానే లెక్క వచ్చేసింది! రాకుమారి నమ్మలేక, చాట ఎత్తి, గుడ్డకు పక్కవైపు వెళ్ళి చూసింది. అటునుంచి ఏడు వరుసలు, వరుసకు ఎనిమిది. ఎటు చూసినా అవే వడియాలు. ఎన్నాళ్ళకో ఆమె నవ్వింది.

మర్నాడు సభలో గురువు సోమయాజులుగారు ఏడు ఎనిమిదులు ఎంత అని అడిగారు. కుముదిని అలవాటు కొద్దీ పాట ఎత్తుకుంది. సరిగ్గా అప్పుడే నగారా మోగింది. పాట తెగింది. దాయాదులు మీసాలు దువ్వుకున్నారు.

రాకుమారి కళ్ళు మూసుకుంది. ఎండలో వడియాలు కనిపించాయి. "యాభై ఆరు" అంది.

గురువుగారు ఊరుకోలేదు. తాను ఎన్నడూ నేర్పని లెక్క, ఏడు పదమూళ్ళు అడిగారు.

"పది వరుసలు డెబ్భై, మూడు వరుసలు ఇరవై ఒకటి. తొంభై ఒకటి గురువుగారూ."

ఆయన ముఖం విప్పారింది. "నేను నేర్పింది పాట తల్లీ. లెక్క నువ్వే నేర్చుకున్నావు" అన్నారు.

కుముదినికి గుండెల మీది కుంపటి దించినట్టయింది. ఆ వడియాలు ఎండాక వేయించి పెడితే, పప్పన్నంలో నంజుకుంటూ మారు అడిగి మరీ తింది.

వల్లించింది నడిదారిలో జారిపోవచ్చు. చేత్తో చేసి, కళ్ళతో చూసి తెలుసుకున్నది మాత్రం ఆపదలో తోడు నిలుస్తుంది.