చెక్క గుర్రం మీద వెనక్కి తిరిగి కూర్చున్న మతేయ్

అనగనగనగా, ఫొటో దిగడమంటే పెళ్ళంత హడావుడిగా ఉన్న రోజుల్లో, చెక్ దేశంలో కొండల నడుమ ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో మతేయ్ అనే ఆయన ఉండేవాడు. పగలు చీపుళ్ళు కట్టేవాడు. సాయంత్రం రంగులు కలిపి బొమ్మలు వేసేవాడు. ఆదివారం వస్తే ఫొటోలు తీసేవాడు. అట్టముక్కలూ తారూ పాత కళ్ళజోడు అద్దమూ పెట్టి, ఫొటోలు తీసే పెట్టెని తానే చేసుకున్నాడు.

ఆ పెట్టె చాలా నెమ్మది. దాని ముందు చాలాసేపు కదలకుండా ఉండాలి. ఎవరుంటారు? అందుకే ఫొటోలో మనుషులు పొగలా వచ్చేవాళ్ళు. ఆ పొగ చుట్టూ మతేయ్ ఎర్రపూలూ నీలిపిట్టలూ వేసి ఇచ్చేవాడు. జనం పూలు చూసి మెచ్చుకునేవాళ్ళు, మధ్యలో చూసి నవ్వేవాళ్ళు.

"ఇది నేనా, మా పొయ్యి పొగా?" అనేవాడు రొట్టెల అంగడి కారెల్.

నవ్వితే నవ్వనీ అనుకునేవాడు మతేయ్.

అదే ఊళ్ళో ఒతీలియా బట్టలుతికి బతికేది. భర్త లేడు. బార్కా అని ఆరేళ్ళ కూతురు. నిద్రలో తప్ప కుదురుగా ఉండని పిల్ల. జాతర అయిన మర్నాడు ఒతీలియా పిల్లని అక్క దగ్గర వదిలి, కొండల అవతల గాజు కార్ఖానాలో పనికి పోవాలి. మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. పిల్ల ముఖం వెంట తీసుకుపోవాలని ఆమె ఆశ.

మొదట పట్నంలో స్టూడియోకి తీసుకెళ్ళింది. అక్కడ తల కదలకుండా వెనక ఇనుప పట్టీ బిగించేవాళ్ళు. బార్కా పట్టీలోంచి జారి బల్ల కింద దూరింది. ఫొటోలో కుర్చీ ఒక్కటే వచ్చింది.

రెండోసారి మతేయ్ దగ్గరికి తెచ్చింది. తేనె రొట్టె చేతిలో పెట్టి బతిమాలాడు. పిల్ల రొట్టె తింటూనే గెంతింది. పొగ వచ్చింది. ఊరు నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాడు మతేయ్. కానీ ఒతీలియా నవ్వలేదు.

"అన్నా, అక్కడ రోజూ దీని ముఖం గుర్తు తెచ్చుకుంటాను. తెచ్చుకోగా తెచ్చుకోగా అరిగిపోతుందేమోనని భయంగా ఉంది" అంది.

మతేయ్‌కి ఆ పూట అన్నం సయించలేదు.

జాతర వచ్చింది. మతేయ్ రంగులరాట్నం ముందు నిలబడి చూశాడు. చెక్క గుర్రాలన్నీ పరుగెడుతున్నాయి. కానీ ముందు గుర్రానికీ వెనక గుర్రానికీ మధ్య దూరం పెరగడం లేదు, తరగడం లేదు. వెంటనే పెట్టె తెచ్చాడు. బార్కాని ఒక గుర్రం ఎక్కించాడు. ముందు గుర్రం మీద తను వెనక్కి తిరిగి కూర్చుని, పెట్టెని దాని వీపుకి కట్టాడు.

జాతరంతా విరగబడి నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాడు మతేయ్.

రాట్నం తిరిగింది.

"మామయ్యా, నువ్వు తిరగేసి కూర్చున్నావు" అంది బార్కా.

"నువ్వే తిరగేసి కూర్చున్నావేమో చూసుకో" అన్నాడు మతేయ్.

పిల్ల ఆలోచనలో పడింది. గుర్రమే పరుగెడుతోంది కాబట్టి తను పరుగెత్తే పని లేకపోయింది. కన్నార్పకుండా అతన్నే చూసింది.

సాయంత్రానికి ఫొటో తయారైంది. చర్చి పొగ. కొట్లు పొగ. నవ్విన జనమంతా పొగ. మధ్యలో బార్కా ఉంది, కనుబొమ మీది గాటుతో సహా, నిండుగా, స్పష్టంగా. ఒతీలియా ఆ ఫొటోని గుండెకి అదుముకుంది. కారెల్ ముందుకొచ్చి మతేయ్‌ని భుజాల మీద ఎత్తుకున్నాడు. ఊరంతా వాళ్ళ వెనక నడిచింది.

ఆ తర్వాత దూరం పోయేవాళ్ళందరూ తమవాళ్ళని ఆ రాట్నం ఎక్కించి ఫొటో తీయించుకున్నారు. సైన్యానికి పోయేవాళ్ళు, గనులకి పోయేవాళ్ళు, ఓడలెక్కేవాళ్ళు. మతేయ్ చనిపోయిన రోజున ఏ దేశంలో ఏ గోడ మీద చూసినా అతని ఎర్రపూలూ నీలిపిట్టలూ వేసిన ఫొటోలే ఉన్నాయట.

ఇప్పటికీ ఆ ఊరి జాతరలో మొదటి చుట్టు ఊరు విడిచి పోయేవాళ్ళదే. వాళ్ళు ముందు గుర్రం మీద వెనక్కి తిరిగి కూర్చుంటారు. ఉండిపోయేవాళ్ళు వెనక గుర్రం ఎక్కుతారు. రాట్నం ఆగేదాకా ఒకరినొకరు చూసుకుంటారు. చుట్టూ ఉన్న జనం మాత్రం గట్టిగా నవ్వాలి. నవ్వు చాలకపోతే, మతేయ్‌కి వినపడలేదంటూ రాట్నం మళ్ళీ తిప్పుతారు.