మూడు లక్షల ముల్లు

మణికొండూరు సంస్థానాధీశుడు విజయభూపాలుడికి ఉన్నట్టుండి ఓ కోరిక పుట్టింది. కోట తోటలో ఫౌంటెన్ పొరుగు రాజుగారి ఫౌంటెన్ కంటే ఎత్తుకు ఎగరాలి.

"ఆ సంగతి నాకొదిలేయండి ప్రభూ," అన్నాడు యంత్రాల అధికారి భీమసేనరావు. దొరల సీమ చదువు చదివినవాడు. మీసం దువ్వందే మాట్లాడడు.

కొత్త పంపు తెప్పించి పాతదాని పక్కన పెట్టించాడు. రెండింటి మూతులూ బిగించి నడిపించాడు. నీటి ఒత్తిడి చూపించే బిళ్ళ మీద పాతదాని ముల్లు మూడు దగ్గర ఆగింది. కొత్తదాని ముల్లు మూడు వందలకు పోయింది.

"వంద రెట్ల బలం ప్రభూ."

"అయితే పాతది పీకించెయ్," అన్నాడు రాజు.

ఆ పాత పంపు పెద్ద రాజావారు ముచ్చటపడి రాజమాత కోసం పెట్టించింది. ఆయన పోయాక ఆవిడ రోజూ సాయంత్రం ఆ ఫౌంటెన్ దగ్గరే కూర్చునేది. కబురు విని ఆ పూట అన్నం ముట్టలేదు. తన చెలికత్తె నాంచారమ్మను పిలిచి, "నువ్వే ఏదో ఒకటి చెయ్యాలే," అంది.

నాంచారమ్మ వెళ్ళి రెండు బిళ్ళలూ దగ్గరగా చూసింది. తనలో తను నవ్వుకుంది. రాజును ఒక్కరోజు గడువు అడిగింది.

మర్నాడు పొద్దున రాజమాత తోటలో తెర చాటున కూర్చుంది. రాజు వచ్చి పాత పంపు చూసి నిలబడిపోయాడు. ముల్లు మూడు లక్షల దగ్గర ఉంది.

"రాత్రికి రాత్రే ఇంత బలం ఎలా వచ్చింది?"

"అధికారిగారి కొత్త పంపు పక్కన ఉందిగా ప్రభూ. పౌరుషం పుట్టుకొచ్చినట్టుంది," అంది నాంచారమ్మ.

భీమసేనరావుకు ఒళ్ళు మండిపోయింది.

"మోసం ప్రభూ. పంపు ముట్టుకోనేలేదు ఈవిడ. బిళ్ళ మీద అంకెలు మార్చింది, అంతే. నిన్న అది బార్లనే కొలతలో ఉంది, ఇవాళ పాస్కళ్ళనే కొలతలో ఉంది. బారుకు లక్ష పాస్కళ్ళు. మూడు బార్లన్నా, మూడు లక్షల పాస్కళ్ళన్నా ఒకటే. అంకె పెరిగితే బలం పెరుగుతుందా?"

"పెరగదా బాబుగారూ?"

"చస్తే పెరగదు."

నాంచారమ్మ కొత్త పంపు దగ్గరకు వెళ్ళి, బిళ్ళ అడుగున చీమ తలకాయంత అక్షరాల మీద వేలు పెట్టింది.

"మరి మీ మూడు వందలూ ఏ కొలతలో?"

భీమసేనరావు చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. రాజు వంగి చదివాడు.

"కిలోపాస్కల్ అని ఉందే. కిలో అంటే?"

"వెయ్యి ప్రభూ," అన్నాడు భీమసేనరావు, తనకే వినబడనంత మెల్లగా.

"మూడు వందల వేలు..." రాజు వేళ్ళు మడిచి లెక్క కట్టాడు. "మూడు లక్షలు. అంటే రెండు పంపులూ సమానమేనా?"

"నేనేమీ అనలేదు ప్రభూ. లెక్కంతా అధికారిగారే చెప్పారు."

ముందు నవ్వింది తెర వెనకనున్న రాజమాత. ఆ నవ్వు విని రాజుకూ ఆగలేదు. నవ్వుతూనే తన చేతి బంగారు కడియం తీసి నాంచారమ్మ చేతిలో పెట్టి, పాత పంపు జోలికి ఎవరూ పోవద్దని అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చాడు.