రంగు తుపాకీకి తొడుగు

హైదరాబాదు బాలానగర్‌లో హేమాద్రి అనే డిజైనర్ ఉండేవాడు. తాను చేసిన వస్తువు ఎక్కడ చెడినా తప్పు వాడినవాళ్లదే అని వాదించడం అతని అలవాటు.

అతను పెయింట్‌బాల్ ఆటకు కావలసిన సామాన్లు తయారుచేసేవాడు. ఆ ఆటలో రెండు జట్లవాళ్లు గాలితో పనిచేసే తుపాకులతో ఒకరి మీద ఒకరు రంగు గోళీలు పేల్చుకుంటారు. రంగు అంటినవాళ్లు ఆట నుంచి తప్పుకోవాలి. ఎవరి చేతికి తగ్గ పిడి వాళ్లకు, ఎవరి జట్టు రంగుల్లో గోళీల డబ్బా వాళ్లకు చేసిచ్చేవాడు హేమాద్రి. పనితనం గొప్పదే. కానీ "పిడి జారుతోందండీ" అని ఎవరైనా వస్తే, "మీ అరచేతులకు చెమట ఎక్కువ. నేనేం చెయ్యను?" అని పంపేసేవాడు.

ఒకసారి అతని దృష్టి తుపాకీ గొట్టానికి వేసే గుడ్డ తొడుగు మీద పడింది. మైదానం నుంచి బయటికొచ్చేవాళ్లు ముందు గొట్టానికి ఆ తొడుగు వెయ్యాలి, ఆ తర్వాతే ముఖానికున్న మాస్కు తియ్యాలి. పొరపాటున మీట నొక్కినా గోళీ తొడుగులోనే ఆగిపోతుంది, ఎవరి కంటికీ తగలదు. బజారులో దొరికేవి నల్లగా, మొరటుగా ఉండేవి. హేమాద్రి జట్టు బొమ్మలతో ముచ్చటైనవి గీశాడు. కుట్టే పని అతని వదిన అలివేలుది.

"హేమాద్రీ, తొడుగును తుపాకీకి పట్టి ఉంచే ఈ సాగే తాడు మరీ సన్నంగా ఉందయ్యా," అంది అలివేలు.

"లావుది వేస్తే గేదెకు పలుపు కట్టినట్టుంటుంది వదినా!"

"అందం సరే, ఆగుతుందా?"

"బల్ల మీద పెట్టి పేల్చి చూశాను. భేషుగ్గా ఆగింది."

శామీర్‌పేట దగ్గర జహంగీర్ భాయ్‌కి ఒక పెయింట్‌బాల్ మైదానం ఉండేది. కాలేజీల పోటీ రోజున అక్కడ దుకాణం పెట్టుకోమని ఆయన హేమాద్రికి చోటిచ్చాడు. "అందరికీ నచ్చితే ఇకనుంచి మైదానమంతటికీ నీ తొడుగులే. కానీ ముందు ఇక్కడ ఆటలో వాడి చూద్దాం. కళ్లతో వ్యవహారం," అన్నాడు.

"నా పని మీద నమ్మకం లేదా భాయ్?" అని హేమాద్రి ముఖం ముడుచుకున్నాడు. జహంగీర్ మొహమాటపడి ఆ పరీక్ష సంగతి వదిలేశాడు.

పోటీ రోజున హేమాద్రి, అలివేలు దుకాణం తెరవగానే జనం ఎగబడ్డారు. మొదటి ఆటకు దిగిన అమ్మాయిల జట్టు మొత్తం ఆ తొడుగులే కొంది. ఆట ముగిశాక వాళ్ల నాయకురాలు తన్మయి తుపాకీకి తొడుగు వేసుకునే బయటికి వచ్చింది. తుపాకీని బల్ల మీద పెడుతుంటే వేలు మీటకు తగిలింది. ఠప్పుమని శబ్దం వచ్చింది. తొడుగు ఊడిపోయింది. అప్పుడే మాస్కు తీసిన ఆమె స్నేహితురాలి చెవి పక్కనుంచి గోళీ దూసుకెళ్లి దుకాణం మీద పగిలింది.

అందరూ పరుగున వచ్చి ఆ స్నేహితురాలి చుట్టూ మూగారు.

"నేనే సరిగ్గా వెయ్యలేదేమో," అంది తన్మయి, ఊడిన తొడుగును చేతిలోకి తీసుకుంటూ.

హేమాద్రికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "అదే మరి! వాడటం రావాలమ్మా. తాడు బిగించకపోతే తొడుగేం చేస్తుంది?" అని అందరికీ వినబడేలా అన్నాడు.

"అయితే మీరే వేసి చూపించండి అంకుల్, నేర్చుకుంటాను," అంది ఆ అమ్మాయి. ఆ గొంతులో ఎకసెక్కం లేదు.

హేమాద్రి తుపాకీ అందుకున్నాడు. గొట్టం నిండా రంగు, జిగురుజిగురుగా ఉంది. తాడు కూడా తడిసి జారుతోంది. అతని బల్ల మీద ఉండేది ఎప్పుడూ శుభ్రంగా తుడిచిన తుపాకీయే. అయినా శ్రద్ధగా తొడిగి, తాడును ఒకటికి రెండుసార్లు లాగి చూశాడు. మాస్కులు పెట్టుకోండని జహంగీర్ అందరికీ కేక వేశాడు. హేమాద్రి గోడ వైపు గురిపెట్టి మీట నొక్కాడు.

తొడుగు ఎగిరి అలివేలు కాళ్ల దగ్గర పడింది.

"అంకుల్‌కి కూడా వాడటం రాదు రోయ్!" అన్నారెవరో. గుంపు గొల్లుమంది. హేమాద్రి ఆ స్నేహితురాలి వైపు చూశాడు. ఆమె ఇంకా చెవి తడుముకుంటూనే ఉంది. ఆ గోళీ బెత్తెడు ఇటుగా వచ్చి ఉంటే? అతను తుపాకీని జాగ్రత్తగా బల్ల మీద పెట్టేశాడు.

"తప్పు నీది కాదు తల్లీ, నాదే," అన్నాడు తన్మయితో. "వదినా, అమ్మకం ఆపెయ్. కొన్నవాళ్లందరి దగ్గరా వెనక్కి తీసుకుందాం."

"ఈసారి మాత్రం ఇక్కడ వాడి చూడందే ఒప్పుకోను," అన్నాడు జహంగీర్.

ఆ తర్వాత ప్రతి ఆదివారం హేమాద్రి మైదానంలోనే గడిపాడు. కొత్త తొడుగులు తన్మయి జట్టుకిచ్చి, "మీ ఇష్టమొచ్చినట్టు వాడండి. చెడగొట్టండి," అని బతిమాలాడు. వాళ్లు బురదలో తొక్కారు, తడి గ్లౌజులతో గుంజారు, హడావుడిగా వంకరగా తొడిగారు. "కుట్టు ఊడింది అంకుల్!" అని అరిస్తే చాలు, "ఎక్కడ, ఎక్కడ?" అంటూ పరుగెత్తేవాడు.

"ఇదేం చోద్యమయ్యా! తప్పు పట్టినవాళ్లకు సన్మానం చేసేలా ఉన్నావే," అని అలివేలు నవ్వేది.

చివరికి తయారైన తొడుగుకు లావుపాటి తాడు, లోపల గరుకు పట్టీ ఉన్నాయి. చూడటానికి మునుపటంత సొగసుగా లేదు. జహంగీర్ దాన్ని రంగులో ముంచి తీసి, తొడిగి, పదేపదే పేల్చి చూశాడు. అది కదల్లేదు. "రేపటినుంచి నా మైదానంలో ప్రతి తుపాకీకీ ఇదే," అన్నాడు.

మనం చేసిన వస్తువు చెడినప్పుడు తప్పును ముందు మన పనిలోనే వెతుక్కోవాలి. లోపం చూపించినవారే ఆ పనిని బాగుపరిచే మన ఆప్తులు.