సాయిలు పక్క

ఎప్పటి మాటో నన్ను అడగొద్దు, మా తాతను అడిగినా చెప్పలేకపోయాడు. ఊళ్ళకు సైకిళ్ళు వచ్చాయి, వాటికి దారి మాత్రం రాలేదు. అప్పటి సంగతి ఇది.

ఆ రోజుల్లో సాయిలు అనే కుమ్మరి ఉండేవాడు. చుట్టుపక్కల ఎవరింట పెళ్ళయినా ఐరేని కుండలు ఆయనవే. తెల్లటి సున్నం, ఎర్రటి జాజు పూసిన ఆ కుండలు రానిదే పెళ్ళి మొదలవదు. సాయిలు వాటిని గంపలో సర్ది, సైకిలు వెనక కట్టుకుని పోయేవాడు.

ఒకసారి ఎదురుగా ఎడ్లబండి వచ్చింది.

"పక్కకు జరుగు," అన్నాడు బండాయన.

"పక్క ఏడున్నది, అన్నా?" అన్నాడు సాయిలు.

రోడ్డు ఎత్తు, అంచు దాటితే గుంత. సాయిలు దిగాడు, పడ్డాడు, కుండలు పగిలాయి.

ఇంకోసారి బస్సు వచ్చింది.

"పక్కకు జరుగు," అన్నాడు డ్రైవరు.

"పక్క ఏడున్నది, బిడ్డా?"

మళ్ళీ దిగాడు, పడ్డాడు, కుండలు పగిలాయి.

ఇక ఊరంతా ఒకటే మాట. సాయిలు చెయ్యి మంచిది కాదట. ఇంకోసారి పగిలితే పెళ్ళికుండలు వేరే కుమ్మరికి చెబుతారట. సాయిలుకు అన్నం సయించలేదు. పెళ్ళికుండ చెయ్యని కుమ్మరి ఏం కుమ్మరి?

రోడ్డు వేయించిన పటేలు దగ్గరికి పోయాడు. పటేలు నవ్వాడు.

"సైకిలుకు వేరే రోడ్డా? పక్కనుంచి పోరాదు?"

"ఆ పక్కనే అడుగుతున్న, పటేలా. ఏడున్నది?"

పటేలు అప్పటికే లోపలికి పోయాడు.

సాయిలు ఇంటికొచ్చి పగిలిన పెంకులన్నీ మెత్తగా దంచాడు. మట్టి కలిపి రోడ్డు అంచున పోశాడు, గట్టిపడేదాకా దిమ్మిసతో కొట్టాడు. కుండలు కాల్చే ఆవంలో చెడినవీ అక్కడికే పోయాయి. జనం పిచ్చి పట్టిందన్నారు. భార్య లచ్చవ్వ మాత్రం ఆ మట్టి మీద నీళ్ళు చల్లింది.

పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయి. మూడోసారి కుండలు కట్టుకుని బయల్దేరాడు. వెనక బస్సు మోత.

"పక్కకు జరుగు."

సాయిలు జరిగాడు. సైకిలుకు సరిపడా ఎర్రటి బాట ఉంది. బస్సు పోయింది, కుండలు కదల్లేదు. పెళ్ళివారు వాటిని దించుకుని సాయిలు కాళ్ళకు నీళ్ళిచ్చారు.

సాయిలు ముసలితనంలో కన్నుమూశాడు. పెద్దకర్మ నాడు ఎవరూ పిలవకుండానే ఇంటింటివాళ్ళూ పగిలిన కుండలు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు. నవ్వినవాళ్ళూ వచ్చారు. అందరూ దంచి అంచున పోస్తే ఎర్రబాట పొరుగూరి దాకా పోయింది.

ఇప్పటికీ అక్కడ కుండ పగిలితే పెంటకుప్పలో వెయ్యరు, దంచి బాట మీద పోస్తారు. ఎక్కడ కొత్త రోడ్డు పడినా ముసలమ్మలు వచ్చి అటూ ఇటూ చూసి, ఒక్క మాటే అడుగుతారు.

"రోడ్డు మంచిగనే ఉన్నది గని, సాయిలు పక్క ఏడున్నది?"