పదకొండు గంపలు

ఓబులేసు చేతిలో మొదట్లో ఉన్నది నలభై రెండు వేలు. బండి అమ్మితే వచ్చిన డబ్బు. అది జేబులో పెట్టుకుని, జాతికుక్కల పెంపకం నేర్చుకుంటానని గుత్తి అవతల గుట్టల కింద ఉండే ఖాదర్‌వలి దగ్గరికి పోయాడు.

ఖాదర్‌వలిని అందరూ ఉస్తాద్ అంటారు. ఆయన ఇంట్లో నాలుగు తరాలుగా ఒకే వేటకుక్కల సంతతి. సన్నటి నడుము, పొడుగాటి కాళ్లు. పరుగు తీస్తే వాటి పాదాలు నేలకు ఆనుతున్నాయో లేదో తెలియదు.

"ఏడాదికి రెండు ఈతలు ఉస్తాద్. ఈతకు ఆరు పిల్లలనుకున్నా..." అని ఓబులేసు వచ్చిన రోజే మొదలుపెట్టాడు.

"ముందు దొడ్డి ఊడ్చు" అన్నాడు ఉస్తాద్.

రెండేళ్లు ఊడ్చాడు. రాగి సంగటిలో ఎముకల పులుసు ఎంత కలపాలో, ఈనే ముందు ఆడకుక్క ఎలా మన్ను గోకుతుందో, ఏ పిల్ల ముందు కాలు తిన్నగా ఉందో, ఏది వంకరో అన్నీ చూసి నేర్చుకున్నాడు. ఉస్తాద్ చెప్పేది తక్కువ. అడిగితే చెబుతాడు. ఓబులేసు అడిగేవి మాత్రం ఎప్పుడూ ఎన్ని, ఎంత, ఎప్పటికి అనేవే.

రోజూ పొద్దుగూకే వేళకు ఒక పని ఉండేది. పదకొండు వెదురు గంపలు తెచ్చి దొడ్డి నిండా బోర్లించాలి. నిన్న పెట్టిన చోట ఈరోజు పెట్టకూడదు. మసక చీకటి పడ్డాక ఉస్తాద్ నాలుగైదు నెలల పిల్లలను ఒక్కొక్కటిగా వదిలించి, తాను అవతలి గోడ దగ్గర నిలబడి నాలుకతో టిక్కుమని పిలిచేవాడు. పిల్ల గంపల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ పరుగెత్తుకొచ్చేది. ఆయన కళ్లార్పకుండా చూసేవాడు. నెలరోజులు అలా చూశాకే "ఇది పోవచ్చు" అనేవాడు. అప్పటిదాకా ఎవరెంత ఇస్తామన్నా పిల్ల ఇల్లు దాటేది కాదు.

కాళ్లు సాగడానికి ఇదొక ఆట కాబోలని ఓబులేసు అనుకున్నాడు. గంపలు పదకొండూ లెక్కకొచ్చాయా లేదా, అంతవరకే అతనికి.

చివరికి ఉస్తాద్ అతనికి చుక్క అనే ఆడకుక్కపిల్లను ఇచ్చాడు. పైసా తీసుకోలేదు. "రెండేండ్లు నిండేదాకా ఈత వద్దు. తోడబుట్టిన దానితో ఎప్పటికీ వద్దు" అన్నాడు.

"సరే ఉస్తాద్."

చుక్క తోడబుట్టిన మగకుక్క ధర్మవరంలో ఒక పెట్రోలు బంకు యజమాని దగ్గర ఉంది. రెండూ అచ్చమైన తేనెరంగు. ఫోన్లో ఫొటోలు చూసినవాళ్లంతా ఆ రంగే అడిగారు. ఓబులేసు మనసులో లెక్క వేశాడు. రంగు ఖాయం. మగకుక్కకు డబ్బు కట్టే పని లేదు. ఏడాది ఆగే పని లేదు. చుక్కను ధర్మవరం తీసుకుపోయాడు.

ఏడు పిల్లలు పుట్టాయి. ఏడూ తేనెరంగే. నలభై రోజులు నిండగానే అమ్మకం పెడితే పదకొండు రోజుల్లో అన్నీ అయిపోయాయి. కొన్నవాళ్లు ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు. బేరం అయిపోయాక మాటలెందుకని.

నాలుగు నెలలు గడిచాయి. రెండో ఈతకు తొమ్మిది మంది అడ్వాన్సు పంపారు. ఈసారి ఉస్తాద్ దగ్గర ఉన్న మేలైన మగకుక్క కావాలి. చుక్కను వెంటబెట్టుకుని, మిఠాయి డబ్బా పట్టుకుని ఓబులేసు గుట్టల కిందికి వచ్చాడు.

ఉస్తాద్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. మంచం కోడుకు ఒక తేనెరంగు పిల్ల కట్టేసి ఉంది. దాని తోక చివర తెల్లటి మచ్చ.

"ఇది నాదే!" అన్నాడు ఓబులేసు సంబరంగా. "ఎంత పెరిగిందో చూడు ఉస్తాద్! ఎవరు తెచ్చినారు?"

"నీ దగ్గర కొన్నాయనే. నువ్వు ఫోన్ ఎత్తలేదంట. ఈ సంతతి నాదని ఎవరో చెప్తే ఇక్కడ వదిలిపోయినాడు."

"ఎందుకు వదిలినాడు?"

ఉస్తాద్ పొద్దు గుట్టల వెనక్కి జారేదాకా చూశాడు.

"గంపలు పెట్టు" అన్నాడు.

ఓబులేసు చేతులకు ఆ పని ఇంకా గుర్తుంది. పదకొండూ బోర్లించాడు. ఉస్తాద్ పిల్ల తాడు విప్పి, అవతలి గోడ దగ్గరికి పోయి టిక్కుమని పిలిచాడు.

పిల్ల తోక ఊపుకుంటూ ఉరికింది. మొదటి గంపకు మూతి కొట్టుకుంది. వెనక్కి తగ్గి, తల విదిలించుకుని, మళ్లీ ఉరికింది. రెండోది. మూడోది. ఓబులేసు వద్దనుకుంటూనే లెక్కపెట్టాడు. ఏడో గంప దగ్గర అది కూర్చుండిపోయింది. పిలుపు వచ్చిన వైపు తోక ఊపుతోంది. లేవడం లేదు.

"రేచీకటి" అన్నాడు ఉస్తాద్. "మా తాత కాలం నుంచీ ఈ రక్తంలో దాక్కోని ఉండాది. తోడబుట్టినవాటిని కలిపితే బయటికొస్తాది. దీని తండ్రి ఎవరని నేను అడగను లే."

ఓబులేసు తల దించుకుని గొణిగాడు. "ఎందుకు వద్దో చెప్పింటే నేను చేసేవాణ్ని కాదు."

"రెండేండ్లు దినామూ గంపలు పెట్టినావు. ఒక్క దినమన్నా ఎందుకని అడిగితివా?"

ఓబులేసు దగ్గర ఉన్నది లెక్క ఒకటే.

"ఏడింటిలో ఒకటే కదా ఉస్తాద్."

"మిగతా ఆరూ చూసినావా?"

ఉస్తాద్ అతని చేతిలోంచి చుక్క తాడు తీసుకున్నాడు. పాత గుంజకు కట్టాడు. అక్కడినుంచి ఎన్నడూ కదలనట్టే చుక్క చుట్టుకుని పడుకుంది.

"ఉస్తాద్, తొమ్మిది మందికి మాటిచ్చినా..."

ఆయన వంగి గంపలు ఒక్కొక్కటే ఏరి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, ఆ దొంతర తెచ్చి ఓబులేసు చేతుల్లో పెట్టాడు. పైన మిఠాయి డబ్బా కూడా పెట్టాడు. విప్పనైనా లేదు.

"ఇవి నాకెందుకు?"

"ఆరిండ్లు ఉండాయి కదా" అన్నాడు ఉస్తాద్.

తొమ్మిది అడ్వాన్సులూ తిరిగి పంపించి, ఓబులేసు గంపలతో బస్సెక్కాడు. కండక్టరు "ఏంది నాయనా, టమేటాల బేరమా?" అన్నాడు. ఓబులేసు లగేజీ టికెట్టు కొట్టించుకున్నాడు.

మొదటి ఇల్లు పామిడిలో, ఇటుకల బట్టీ పెట్టినాయనది. మసక చీకట్లో ఆ పిల్ల పదకొండు గంపల మధ్యా నీళ్లలా జారుకుంటూ వచ్చి అతని ఒళ్లో పడింది. ఓబులేసు నేల మీద చతికిలబడి నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడో బట్టీ ఆయనకు అర్థం కాలేదు.

రెండో ఇంట్లో కుక్క లేదు.

"అది ఎప్పుడో పాయ" అన్నాడు ఆ ఇంటాయన పళ్లు తోముకుంటూ. "మాపటేళ ట్రాక్టరు వస్తాంటే పక్కకు పోకుండా ఎదురుపోయింది. వట్టి తిక్కది. దుడ్లు దండగైపాయ."

'తిక్కది కాదన్నా' అనే మాట నోటిదాకా వచ్చింది. ఓబులేసు దాన్ని మింగేసి, గంపలు భుజానికి ఎత్తుకున్నాడు. ఆ ఊరి నుంచి బస్సు దొరికేదాకా నాలుగు మైళ్లు నడిచాడు.

మూడో ఇల్లు లింగమ్మది. ఊరి చివర టిఫిన్ల అంగడి నడుపుతుంది. ఓబులేసు పోయేసరికి పొద్దు ఇంకా గుంకలేదు. అంగడి వెనక పెరట్లోంచి తేనెరంగు కుక్క ఉరికొచ్చి అతని భుజాల మీద కాళ్లు వేసింది. ఒళ్లు నిగనిగలాడుతోంది. మెడలో ఎర్ర రిబ్బను.

"పేరేం పెట్టినావక్కా?"

"బంగారి. నా చేత్తో పెడ్తేనే తింటాది" అంది లింగమ్మ పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ. "మంచి కుక్క నాయనా. అట్లాంటిది మళ్లీ దొరకదు. ఒకటే, ఉత్త పిరికిది. మాపు అయిందంటే ఆ లైటు కింద నుంచి కదలదు. వేటకుక్కను తెస్తే దొంగలు రారనుకుంటిమి, కరెంటు బిల్లు వచ్చెనే అని మా ఆయన ఒకటే నవ్వు."

ఓబులేసు నవ్వలేదు.

లింగమ్మ అతని ముఖం చూసి, తర్వాత గంపలు చూసింది. "ఏమబ్బీ, అట్లయినావు? బంగారికి ఏమన్నా అయిందా?"

అతను పెరట్లోకి దిగాడు. వెలుతురు తగ్గుతోంది. లింగమ్మ అలవాటు కొద్దీ పోయి లైటు వేసింది. బంగారి వెంటనే ఆ లైటు కింద చేరి, ముందు కాళ్లు చాపుకుని కూర్చుంది. ఓబులేసు ఒక్కొక్క గంపే బోర్లించసాగాడు.

"అక్కా, ఆ లైటు ఒక్కసారి ఆర్పు."

"అది బయపడుతాది నాయనా."

"తెలుసక్కా."

ఆమె బంగారి తల నిమిరింది. తర్వాత స్విచ్చి వైపు నడిచింది.

ఓబులేసు పదకొండో గంప బోర్లించి, అవతలి గోడ దగ్గరికి పోయి నిలబడ్డాడు. లైటు ఆరింది. టిక్కుమనడానికి నాలుక అంగిలికి ఆనించాడు.

పిలవాలి.